అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం) ఒప్పందాన్ని బ్రిటన్ పార్లమెంటు మూడుసార్లు ఎందుకు తిరస్కరించింది?

ప్రధాన కారణం ఐర్లాండ్ సరిహద్దు. 2016 జూన్ 23 రెఫరెండంలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్దామన్నారు, కానీ వెళ్లాక ఎలాంటి సంబంధం ఉండాలో ఆ బ్యాలెట్‌లో అడగనే లేదు.

ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం, పక్కనున్న ఐర్లాండ్ యూనియన్ సభ్యదేశం. బ్రిటన్ యూరప్ సింగిల్ మార్కెట్టూ (ఒకే నిబంధనల ఉమ్మడి మార్కెట్), కస్టమ్స్ యూనియనూ (ఒకే సుంకాల ఏర్పాటు) రెండూ వదిలేస్తే ఉత్తర ఐర్లాండ్, ఐర్లాండ్‌ల మధ్య సరుకుల తనిఖీ తప్పదు, కానీ దశాబ్దాల హింస తర్వాత 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతో అక్కడ శాంతి వచ్చింది కాబట్టి మళ్లీ చెక్‌పోస్టులు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. అందుకే మే 'బ్యాక్‌స్టాప్'కి ఒప్పుకున్నారు. అంటే వేరే దారి దొరికేదాకా బ్రిటన్ మొత్తం యూరప్‌తో ఉమ్మడి కస్టమ్స్ ఏర్పాటులోనే ఉంటుంది, సొంతంగా బయటపడే వీల్లేదు. ఆమె పార్టీలోనే చాలామంది భగ్గుమన్నారు.

పైగా 2017లో ముందస్తు ఎన్నికలకు వెళ్లి ఉన్న మెజారిటీ పోగొట్టుకున్నారు. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద తప్పు అదే, ఎందుకంటే ఆ తర్వాత ఉత్తర ఐర్లాండ్ పార్టీ డీయూపీకి చెందిన 10 మంది ఎంపీల మద్దతు మీద ఆధారపడాల్సి వచ్చింది, బ్యాక్‌స్టాప్‌లో ఉత్తర ఐర్లాండ్‌కి ఉన్న వేరే నిబంధనలకు వాళ్లు ససేమిరా అన్నారు. ప్రతిపక్ష లేబర్ కూడా కలిసి రాలేదు.

2019 జనవరి 15న ఒప్పందం 432–202 ఓట్లతో ఓడింది, మార్చిలో మరో రెండుసార్లు ఓడింది. మే 24న ఆమె రాజీనామా ప్రకటించారు. తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ తనిఖీలను ఉత్తర ఐర్లాండ్‌కీ మిగతా బ్రిటన్‌కీ మధ్య ఉన్న ఐరిష్ సముద్రం వైపు జరిపి, 2020 జనవరి 31న బ్రిటన్‌ను బయటికి తెచ్చారు.