ర్యాబిట్ తీసి డాగ్ వేసేముందు జంపర్లు చూడండి

ఓపెన్‌కాస్ట్ గనికి వెళ్లే పాత 33 కేవీ లైనులో సన్నటి ర్యాబిట్ వైరు తీసి లావుపాటి డాగ్ వైరు (రెండూ కరెంటు వైరు సైజుల పేర్లే) వేస్తే, ఉన్న స్తంభాలు సరిపోతాయా అని అడిగారు.

అన్నీ సరిపోవు. ర్యాబిట్ కిలోమీటరుకు 214 కేజీలు, డాగ్ 394. మందం 10 మిల్లీమీటర్ల నుంచి 14 దాటుతుంది, గాలి ఒత్తిడీ ఆ మేరకు పెరుగుతుంది. నిరోధం సగానికి పడి, గనిలో తవ్వే కరెంటు షావెల్ స్టార్టయినప్పుడు వోల్టేజి కుంగడం తగ్గే మాట నిజమే. వరసలో ఉన్న స్తంభాలు ఎలాగో ఓర్చుకుంటాయి. మలుపులో ఉన్నవి, చివరివి మాత్రం ఈదురుగాలికి ఒరుగుతాయి. అక్కడ జంట స్తంభాలు, కొత్త స్టేలు (స్తంభాన్ని లాగి పట్టే ఏటవాలు తీగలు) తప్పవు. ఓబీ డంపు (బొగ్గు మీద నుంచి తవ్వి పోసిన గుట్ట) మట్టిలో పాతిన స్టేకి అడుగున కాంక్రీటు లేకపోతే ఒక్క వానాకాలానికే వదులవుతుంది. డంపర్లు తిరిగే హాల్ రోడ్డు దాటే చోట 9.1 మీటర్ల స్తంభాన్ని మరిచిపోండి. మీటరున్నర భూమిలోకి పోతే పైన మిగిలేది 7.6. వంద టన్నుల డంపరు ట్రే ఎత్తితే దాదాపు పది మీటర్లు. అక్కడ టవర్లయినా వేయాలి, పైపులో కేబులైనా పాతాలి.

అసలు ప్రమాదం లాగేటప్పుడు. ఖర్చు కలిసొస్తుందని పాత వైరు కొసకే కొత్తది కట్టి లాగిస్తారు. ఈ వైర్లు ఏసీఎస్ఆర్ రకం, అంటే స్టీలు తీగ చుట్టూ అల్యూమినియం తీగలు. లోపలి స్టీలు తీగ జింకు పూత పోయి తుప్పు పట్టినా పైన అల్యూమినియం మెరుస్తూనే ఉంటుంది. పుల్లీ మీదకు పాత జాయింటు రాగానే అక్కడే తెగి, కొస కొరడాలా వెనక్కి కొడుతుంది. పాతది ముందు దించేయండి, పుల్లీల మీద కొత్త తాడు వేసి లాగండి. ఎల్‌సీ (లైను ఆపినట్టు ఇచ్చే పని అనుమతి) తీసుకుంటే చాలదు. రెండు కొసల్లో ఏబీ స్విచ్‌లు (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్‌లు) తీసి తాళం వేయాలి, పని జరిగే చోటుకి అటూ ఇటూ ఎర్త్ కట్టాలి. వర్క్‌షాపు జనరేటరు నుంచి ట్రాన్స్‌ఫార్మరు ద్వారా వెనక్కి కరెంటు రావచ్చు.

సాగ్, అంటే స్తంభాల మధ్య వైరు కిందికి వేలాడే కొలత, ఎండను బట్టి చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం బిర్రుగా లాగితే జనవరి తెల్లవారుజామున చలికి వైరు బిగిసి ఇన్సులేటరు పిన్నులు వంగుతాయి.

ఇంత చేసినా ట్రిప్పింగులు ఆగవంటారు. ఆగవు, ఎందుకంటే పాత పీజీ క్లాంపులే (రెండు వైర్లను పక్కపక్కన పట్టి కలిపేవి) మళ్లీ బిగిస్తారు! టెండర్లో వైరుకి పేజీలకు పేజీలు రాసి, క్లాంపుకి ఒక్క లైనూ రాయరు. ఎవడు తక్కువ కోట్ చేస్తే వాడి పల్చటి క్లాంపు వస్తుంది. జంపరుకి (స్తంభం దగ్గర రెండు వైపుల వైర్లను కలిపే ముక్కకి) రెండు క్లాంపులుండాలి. గ్రీజు పూసి, ఆ గ్రీజు మీదే వైరు బ్రష్‌తో రుద్ది బిగించాలి. రాగి కలిసే చోట రెండు లోహాలకూ సరిపడే బైమెటాలిక్ క్లాంపే వాడాలి. బొగ్గు ధూళి పట్టిన పిన్ ఇన్సులేటర్లు తొలకరి చినుక్కే లీకవుతాయి, వాటినీ ఇదే షట్‌డౌన్‌లో తీసేయండి.

లైనుకి కరెంటిచ్చిన వారానికి, షావెళ్లు పూర్తి లోడుతో నడుస్తున్నప్పుడు, జంపర్లన్నిటినీ థర్మల్ కెమెరాతో చూడండి. మిగతా రెండు ఫేజుల కంటే ఏది వేడిగా కనిపిస్తే దాన్ని విప్పి మళ్లీ శుభ్రం చేసి బిగించాలి. ఊరికే నట్టు తిప్పితే లాభం లేదు.