నిమ్మరసం కుదరకపోతే ఎముకలు

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. కెమిస్ట్రీ సైంటిస్టు ప్రఫుల్ల చంద్ర రే జీవితం చదివి, కెమిస్ట్రీనే చదువుత, ఆయన లెక్క ప్రొఫెసర్ అయిత అంటున్నది. నేనేమో సీఎస్‌ఈ ఏఐ మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి పెట్టిన. మా తమ్ముడు కెమికల్ ఫ్యాక్టరీల చేసేటోడు, అది మూతపడి ఇంట్ల కూసున్నడు. బీఎస్సీ కెమిస్ట్రీ, బీటెక్ కెమికల్, సీఎస్‌ఈ... మూడిట్ల ఏది నయం?

జవాబు: మూడు కోర్సుల గురించి అడిగారు గానీ, మీ ఉత్తరం బరువంతా తమ్ముడి గురించి రాసిన ఆ ఒక్క మాటలో ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

ఫ్యాక్టరీలు మూతపడతాయి, నిజమే. రామగుండంలో ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్) ఎరువుల కర్మాగారం 1999లో ఆగిపోయింది. అదే చోట గ్యాస్‌తో నడిచే కొత్త ప్లాంటు, రోజుకు 3,850 టన్నుల యూరియా సామర్థ్యంతో, 2021లో గానీ మొదలవలేదు. అంతకాలం ఏ కుటుంబమూ ఎదురుచూడలేదు. అయితే ప్లాంటు ఆగితే ముందు నలిగేది ఒక్క యంత్రం దగ్గర ఒక్క పనే తెలిసినవాళ్లు. నమూనా తీయడం, టైట్రేషన్ చేయడం (చుక్కలు చుక్కలుగా ద్రావణం కలిపి గాఢత కనుక్కోవడం), హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం మీద మలినాల శాతం తేల్చడం తెలిసిన మనిషికి ఎరువులు పోతే మందుల కంపెనీ, అదీ పోతే నీటి పరీక్షల ల్యాబు ఉంటాయి. మీ తమ్ముడికి జరిగిందే బిడ్డకూ జరుగుతుందని మీరే తీర్పు చెప్పేయకండి.

మీ బిడ్డ చదివిన జీవితాన్ని మీరూ ఒకసారి చదవాల్సింది. రే 1887లో ఎడిన్‌బరోలో డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) పట్టా తీసుకుని మరుసటి ఏడు తిరిగొచ్చారు. అంత డిగ్రీ ఉండీ దాదాపు ఏడాది ఉద్యోగం లేదు. 1889లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరితే జీతం 250 రూపాయలు. పై సర్వీసు తెల్లవాళ్లకు, ఈయనకు కింది సర్వీసు. 1892లో కలకత్తాలో అద్దె ఇంట్లో, 700 రూపాయల పెట్టుబడితో బెంగాల్ కెమికల్ అనే మందులు, రసాయనాల సంస్థ మొదలుపెట్టారు.

తొలి ప్రయత్నాల్లో ఒకటి నిమ్మరసం నుంచి సిట్రిక్ యాసిడ్. రసంలో ఆ యాసిడ్ ఉండేది సుమారు 5, 6 శాతం. 100 లీటర్లు పిండినా లెక్క ప్రకారం చేతికొచ్చేది 5, 6 కిలోలు. సున్నం కలిపి కాల్షియం సిట్రేట్‌ను అడుక్కి దింపాలి, గంధకామ్లంతో (సల్ఫ్యూరిక్ యాసిడ్) విడదీయాలి, జిప్సం వడగట్టాలి, స్ఫటికాలు తీయాలి. మెట్టు మెట్టుకూ కొంత పోతుంది. అక్కడి నిమ్మకాయల ధరకు అది గిట్టలేదు. వదిలేసి ఎముకల మీద పడ్డారు. ఎముకలు కాల్చిన బూడిదలో ఉండేది ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేట్. దానికి గంధకామ్లం పడితే జిప్సం విడిపోతుంది, మిగిలిన ద్రావణానికి సోడా కలిపితే మందుల్లో వాడే సోడియం ఫాస్ఫేట్. చెప్పడానికి ఇంతే. మాంసం అంటుకున్న పచ్చి ఎముకలు డాబా మీద ఆరబోస్తే వాన పడి కుళ్లాయి, ఇరుగుపొరుగు గొడవకొచ్చారు. పగలు పాఠాలు, మిగతా వేళల్లో ఈ కంపూ ఖాతా పుస్తకాలూ. 1901కి అది లిమిటెడ్ కంపెనీ అయింది. 1916లో ఆయన కలకత్తా యూనివర్సిటీ సైన్స్ కాలేజీకి పాలిత్ పేరిట ఉన్న ప్రొఫెసర్ పదవిలోకి వెళ్లారు. ఒక సరుకు కుదరకపోతే ఇంకో సరుకుకు మళ్లగలిగే ఆ చదువునే మీ బిడ్డ అడుగుతోంది.

అమ్మాయికీ ఒక మాట చెప్పాలి. ప్రొఫెసర్ దారి పొడుగు. డిగ్రీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండు, పీహెచ్‌డీ ఇంచుమించు ఐదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 ఫెలోషిప్ ఉంటుంది కాబట్టి మీ చేతి డబ్బు పెద్దగా పడదు. రెగ్యులర్ పోస్టు దొరికేదాకా కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పుకునే ఏళ్లు రావచ్చు. ఎమ్మెస్సీ సీటుకు జామ్, ఫెలోషిప్‌కు నెట్... ఈ పరీక్షల సంగతులు ఆమెకు నాకన్నా బాగా తెలిసి ఉంటాయి, వదిలేస్తున్నా.

బీటెక్ కెమికల్ పేరు చూసి మోసపోతారు చాలామంది. అందులో కెమిస్ట్రీ కొంచెమే. ఎక్కువగా ఉండేది వేడి ఎటు పోతుంది, ద్రవం ఎట్లా పారుతుంది అనే లెక్కలు. 1 లీటరు ఫ్లాస్కులో చేసిన చర్యను అదే ఆకారమున్న 1,000 లీటర్ల రియాక్టర్‌లోకి తీసుకెళ్తే సరుకు వెయ్యి రెట్లు పెరుగుతుంది, చల్లబరిచే గోడ వంద రెట్లే. అంటే లీటరుకు దక్కే గోడ పదో వంతు. వేడి లోపలే నిలిచిపోయి, చర్య ఇంకా వేగమై, చివరికి చెయ్యిదాటిపోతుంది. అందుకే ఫ్లాస్కులో పది నిమిషాల్లో పోసిన యాసిడ్‌ను అక్కడ గంటల తరబడి కొద్దికొద్దిగా వదలాలి. ఇది చదువుతుంటే ఆమె కళ్లు మెరిస్తే బీటెక్ కెమికల్. అసలు ఆ చర్య ఎందుకు జరుగుతోందని అడిగితే బీఎస్సీ.

ఇక ఏఐ. దాని మీద నాకు ద్వేషం లేదు, అనుమానం ఉంది. పేరు వెనకాల ఏఐ ఉన్న బ్రాంచిలో మొదటి రెండేళ్లు దాదాపు మామూలు సీఎస్‌ఈయే, తేడా చివర్లో కొన్ని సబ్జెక్టులు. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీల్లో బ్రాంచికి ఇన్ని సీట్లే అనే పరిమితిని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ తీసేసింది. సెక్షన్లు పెరిగాయి. అంతమందికి పాఠం చెప్పేవాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారు? మీరు మాట్లాడి పెట్టిన కాలేజీకి వెళ్లి మూడు అడగండి: మొత్తం ఎన్ని సెక్షన్లు, మెషిన్ లెర్నింగ్ చెప్పేది ఎవరు, పోయినేడు ఆ ల్యాబులో పిల్లలు రాసిన రికార్డు చూపిస్తారా. మూడోదానికి తడబడితే మీకు తెలిసిపోతుంది. కోడింగ్ ఇష్టమున్న పిల్లలు ఇలాంటి చోటా ఎదుగుతారు. ఇష్టం లేని పిల్లను లక్షలు పోసి కూర్చోబెడితే మూడో ఏటికి బ్యాక్‌లాగులు, మీ ఇంట్లో మాటామంతీ బంద్.

కొంచెం కటువుగా అంటున్నా, ఏమీ అనుకోకండి. బిడ్డ మనసు తెలిసి కూడా వేరే సీటు మాట్లాడి వచ్చి, ఇప్పుడు ఏది నయమని నన్ను అడుగుతున్నారు. ఆమె గాలిలో మేడలు కట్టడం లేదు. కష్టం నిండిన ఒక జీవితాన్ని చదివి, అది కావాలంటోంది. ఎంపీసీ కాబట్టి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. బీఎస్సీలో చేరి మూడేళ్ల తర్వాత మనసు మారినా ఎంసీఏకు వెళ్లొచ్చు. ఎటూ కాకుండా పోదు.

నిర్ణయానికి ముందు, తెలిసినవాళ్ల ద్వారా మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబు ఒక పూట చూపించండి. నిలబడి చేసే పని, వాసన, షిఫ్టులు, ప్రతి అంకెకూ సంతకం... అన్నీ కళ్లారా చూడనివ్వండి. మీ తమ్ముణ్ని కూడా వెంట పంపండి, ఆమె అడిగే ప్రశ్నలకు మీకన్నా ఆయనే బాగా జవాబు చెప్పగలడు.

మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్స్ ఇచ్చారా? ఇస్తే రసీదు తీసుకున్నారా?