కనబడితే కథ కంచికే

పోయిన నెల సబ్‌మెరైన్ల మీద రెండు ముక్కలు రాసిన పాపానికి ఈసారి ఉత్తరాలన్నీ యుద్ధనౌకలు, మిస్సైళ్ల మీదే వచ్చాయి. అన్నింటికీ జవాబివ్వడానికి చోటు చాలదు. కొన్నింటికి ఇస్తున్నాను.

ప్ర: సార్, బ్రహ్మోస్ మిస్సైల్ వేగం మాక్ 2.8 (శబ్దానికి 2.8 రెట్లు) అంటున్నారు. దాన్ని ఆపే ఆయుధమే ప్రపంచంలో లేదని యూట్యూబ్‌లో చెబుతున్నారు. నిజమేనా? (ఇంజనీరింగ్ విద్యార్థి, నరసరావుపేట)

జ: "ఎవరూ ఆపలేరు" అన్న మాట ఏ వీడియోలో వినిపిస్తే ఆ వీడియో అక్కడికక్కడే ఆపేయి బాబూ. ఆపడం కష్టం, చాలా కష్టం, అంతవరకు ఒప్పుకుంటాను. ఎందుకు కష్టమో మాత్రం ఆ వీడియోలవాళ్లు చెప్పరు.

బీచ్‌లో నిలబడి దూరంగా వెళ్లే ఓడను చూడు. ముందు కింది భాగం మాయమవుతుంది, తర్వాత పైన కొస ఒక్కటే కనిపిస్తుంది, కాసేపటికి అదీ పోతుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల వచ్చిన తంటా ఇది. రాడార్‌కీ ఇదే తంటా. ఓడ మీద ఓ 20 మీటర్ల ఎత్తులో రాడార్ ఉందనుకో, మిస్సైల్ నీళ్లకు 10 మీటర్ల ఎత్తులో వస్తోందనుకో, అది సుమారు 30 కిలోమీటర్ల దూరంలోకి వచ్చేదాకా రాడార్‌కు కనబడదు, ఆ రాడార్ ఎంత ఖరీదైనదైనా సరే. ఇప్పుడు లెక్క వేసుకో. పాతకాలపు మిస్సైల్ సెకనుకు 300 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఓడలోవాళ్లకు వంద సెకన్లు దొరుకుతాయి. బ్రహ్మోస్ సెకనుకు కిలోమీటరుకు కాస్త తక్కువ వెళ్తుంది, కిందికి దిగాక గాలి దట్టంగా ఉండి వేగం కొంత తగ్గిందనుకున్నా దొరికేది ఓ ముప్పై నలభై సెకన్లు. అందులోనే అది పిట్టా మిస్సైలా తేల్చుకోవాలి, గురి చూడాలి, మన మిస్సైల్ వదలాలి, అది తప్పితే రెండోది వదలాలి. పైగా వదిలేటప్పుడు 3 టన్నుల బరువుండి అంత వేగంగా వచ్చే వస్తువు, 200 కిలోల పైచిలుకు పేలుడు పదార్థం మాట అటుంచి, ఊరికే గుద్దినా ఓడకు మిగిలేది పెద్దగా ఉండదు.

మరి మందే లేదా? ఉంది. కమోవ్-31 లాంటి హెలికాప్టర్‌కు రాడార్ కట్టి పైకి పంపితే ఆ 30 కిలోమీటర్ల హద్దు చాలా దూరం జరుగుతుంది. బరాక్-8 లాంటి మిస్సైళ్లు 70 కిలోమీటర్ల దాకా వెళ్లి ఎదుర్కొంటాయి. చివరికి ఏకే-630 అనే ఆరు గొట్టాల తుపాకీ ఉంటుంది, నిమిషానికి నాలుగైదు వేల గుళ్లు కక్కుతుంది. వీటన్నింటికంటే నాకు నచ్చేది మాయ చేయడం. అల్యూమినియం పూసిన సన్నటి పోగులను గాలిలోకి చిమ్మితే మిస్సైల్ రాడార్‌కు అది ఇంకో ఓడలా కనిపిస్తుంది. 1967 అక్టోబరులో ఈజిప్టు చిన్న పడవల నుంచి వదిలిన స్టిక్స్ మిస్సైళ్లు ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ (పెద్ద యుద్ధనౌక) ఐలాత్‌ను ముంచేశాయి, ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. 1971 డిసెంబరు 4 రాత్రి మనవాళ్లు అవే స్టిక్స్‌లతో కరాచీ దగ్గర పాకిస్తాన్ యుద్ధనౌక ఖైబర్‌ను ముంచారు, నేవీ డే జరుపుకునేది అందుకే. సరే, అదే మిస్సైళ్లను 1973 యుద్ధంలో ఇజ్రాయెల్ పడవల మీదికి డజన్ల కొద్దీ వదిలితే ఒక్కటీ తగల్లేదు. ఆరేళ్లలో మిస్సైల్ పెద్దగా మారలేదు, ఎదుటివాడు దాన్ని బోల్తా కొట్టించడం నేర్చుకున్నాడు. బ్రహ్మోస్ చాలా గొప్ప ఆయుధం, ఫిలిప్పీన్స్ ఊరికే కొనలేదు. కానీ "ఎవరూ ఆపలేరు" అని దాన్ని తయారుచేసే ఇంజనీర్లే అనుకోరు, అనుకుంటే కొత్తది తయారుచేయరు కదా.

ప్ర: మా నాన్న ఉప్పాడలో వేటకెళ్తారు. ఉపగ్రహాల కాలంలో కూడా సబ్‌మెరైన్‌ను పట్టుకోలేరంటే ఆయన నమ్మడం లేదు. మీరైనా చెప్పండి. (డిగ్రీ విద్యార్థిని, కాకినాడ)

జ: నాన్నగారికి నమస్కారం చెప్పు తల్లీ. ఆయనకు తెలిసిన విషయంతోనే మొదలుపెడతాను. గోదారికి వరదొచ్చిన రోజుల్లో సముద్రం పైన నీళ్లు ఎర్రగా, చప్పగా ఉంటాయి, లోతుకు పోతే అవే నీళ్లు ఉప్పగా ఉంటాయి. అంటే సముద్రం ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటుంది. సబ్‌మెరైన్ దాక్కునేది ఈ పొరల కిందే.

రాడార్ తరంగాలు నీళ్లలోకి పోవు. ఉపగ్రహానికి నీటి పై భాగమే కనిపిస్తుంది. నీళ్లలో దూరం పోగలిగింది శబ్దం ఒక్కటే, అది అక్కడ సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లు ఎక్కువ. అందుకే సబ్‌మెరైన్లను శబ్దంతో వెతికే సోనార్ అంతా చెవుల పని. అయితే శబ్దం తిన్నగా పోదు. వేడి మారినా ఉప్పు మారినా వంగుతుంది. పైన వేడి నీళ్లు, కింద చల్లటి నీళ్లు ఉన్నచోట ఓడ పంపిన శబ్దం వంగి కిందికి దిగిపోతుంది, మధ్యలో ఏమీ వినబడని నీడలాంటి చోటు మిగులుతుంది. అక్కడ సబ్‌మెరైన్ ఉంటే ఐదారు కిలోమీటర్ల దూరంలో ఓడ వెళ్తున్నా దొరక్కపోవచ్చు. మన బంగాళాఖాతంలో ఈ గొడవ మరీ ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అటు ఐరావతి, ఇన్ని నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తాయి, అవి తేలిక కాబట్టి పైనే పరుచుకుంటాయి. అరేబియా సముద్రంలో పనికొచ్చిన లెక్క ఇక్కడ పనికిరాదు, వానాకాలం తర్వాత పనికొచ్చిన లెక్క ఎండాకాలంలో పనికిరాదు.

ఒడ్డు దగ్గర ఇంకో చిక్కు ఉంది. కెరటాల హోరు, చిటపటమంటూ చప్పుడు చేసే ఒక జాతి రొయ్యలు, వందల బోట్ల ఇంజన్లు (అందులో మీ నాన్నగారిదీ ఒకటి), ఇంత సంతలో ఒక మెల్లటి మోటారు చప్పుడు ఏరుకోవాలి. అందుకే సోనార్‌ను తాడు కట్టి పొర కిందికి దించుతారు, హెలికాప్టర్ గాల్లో నిలబడి నీళ్లలోకి సోనార్ వేలాడదీస్తుంది, అరక్కోణం నుంచి వచ్చే పీ-8ఐ విమానాలు వినే గొట్టాలను వరసగా జారవిడుస్తాయి. లోతు తక్కువ ఉన్నచోట వేటాడటానికనే అర్నాల అనే 77 మీటర్ల నౌకను 2025 జూన్‌లో విశాఖలో నేవీలోకి తీసుకున్నారు. ఇంకో సంగతి, మనమే శబ్దం పంపి వినొచ్చు లేదా నోరు మూసుకుని వినొచ్చు. శబ్దం పంపడమంటే చీకటి గదిలో టార్చి వెలిగించినట్టన్నమాట, నీకు వాడు కనిపిస్తాడో లేదో గానీ వాడికి నువ్వు ముందే కనిపిస్తావు. అందుకని తెలివైనవాళ్లు చాలాసేపు చెవులొగ్గి కూర్చుంటారు.

ప్ర: మొన్న సెలవులకు వైజాగ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూశాం. ఆ ఇరుకులో డెబ్బై మందికి పైగా ఎలా ఉన్నారండీ? ఇప్పటివీ అలాగే ఉంటాయా? (గృహిణి, విజయవాడ)

జ: ఒకరు లేచాక అదే మంచం మీద ఇంకొకరు పడుకుంటూ ఉన్నారమ్మా. 91 మీటర్ల పొడవున్నా లోపల చోటంతా 22 టార్పెడోలు (నీళ్లలోనే దూసుకెళ్లి పేలే ఆయుధాలు), మూడు డీజిల్ ఇంజన్లు, బ్యాటరీలు తినేశాయి, మిగిలిన సందుల్లో మనుషులు సర్దుకున్నారు. 1969 నుంచి 2001 దాకా అలాగే నడిచింది. ఇప్పటివి కాస్త మేలు, అంతే, హోటలేమీ కాదు.

అసలు తేడా గాలి దగ్గర ఉంది. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి, నీళ్ల అడుగున గాలి లేదు కాబట్టి బ్యాటరీ మీద నడుస్తుంది, బ్యాటరీ అయిపోతే పైకొచ్చి గొట్టం బయటపెట్టి ఇంజను వేసి చార్జింగ్ పెట్టుకోవాలి, మన ఫోన్ బాధే. దొరికిపోయేది సరిగ్గా అప్పుడే. విశాఖలోనే తయారైన అణు సబ్‌మెరైన్ అరిహంత్‌కు ఈ బాధ లేదు, 83 మెగావాట్ల అణు రియాక్టర్ ఉంది, పైకి రావాల్సింది తిండి అయిపోయినప్పుడు మాత్రమే. 2024 ఆగస్టులో దాని తమ్ముడు అరిఘాత్ కూడా వచ్చింది. అణు సబ్‌మెరైన్ అంటే అన్నింట్లో గొప్పదని మాత్రం అనుకోకండి. రియాక్టర్‌ను చల్లబరిచే ఏర్పాటు ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, దానికో చప్పుడు ఉంటుంది. బ్యాటరీ మీద కదలకుండా పడుకున్న డీజిల్ సబ్‌మెరైన్ అంతకంటే నిశ్శబ్దంగా ఉండగలదు.

ప్ర: ఘాజీని నిజంగా మనమే ముంచామా? ఒక్క మాటలో చెప్పండి. (రిటైర్డ్ టీచరు, అనకాపల్లి)

జ: ఒక్క మాటలో కుదరదు మాస్టారూ. 1971 డిసెంబరు 3, 4 మధ్య రాత్రి విశాఖ బయట ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునిగింది, అందులో ఉన్న 93 మందీ పోయారు, ఇందులో తగాదా లేదు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీళ్లలో పేలే బాంబుల) వల్లే అని మన నేవీ మాట, లోపలో, వాళ్లు పరుస్తున్న మైన్ వల్లో పేలిందని పాకిస్తాన్ మాట. నాకు మాత్రం ఆ తగాదా కంటే అది వైజాగ్‌కు ఎలా వచ్చిందన్నదే ముఖ్యం. ఘాజీ వచ్చింది అప్పటి మన విమాన వాహక నౌక, పాత విక్రాంత్ కోసం. విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, ఇక్కడ రాజ్‌పుత్‌తో విక్రాంత్‌లాగా రేడియో మాట్లాడించారు. ఈ ఎత్తు వేసింది అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ముంచింది ఎవరైనా, అది లేని ఓడ కోసం వచ్చి ఇక్కడ కాపు కాసింది.

ప్ర: హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ తప్ప నీళ్లు లేవు. నేవీ మిస్సైళ్లు అక్కడెందుకు తయారుచేస్తారు? (పేరు రాయలేదు)

జ: మిస్సైళ్లను రూపొందించే డీఆర్‌డీఎల్ ప్రయోగశాల అక్కడే ఉంది, వాటిని తయారుచేసే, 1970లో పెట్టిన బీడీఎల్ అక్కడే ఉంది, బ్రహ్మోస్‌ను జోడించే ఫ్యాక్టరీల్లో ఒకటీ అక్కడే. శత్రు విమానాలకు తీరం కంటే దూరం కూడాను. టార్పెడోలు మాత్రం నీళ్లున్న చోటే, విశాఖలోని నేవీ ఆయుధాల ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్ వరుణాస్త్ర టార్పెడోను రూపొందించింది. మరి చెరువులో టార్పెడో వదలలేం కదా!

ప్ర: 20,000 కోట్లు పెట్టి కొత్త విక్రాంత్ విమాన వాహక నౌకను కట్టారు. ఒక్క మిస్సైల్ తగిలితే అంతా గంగపాలే కదా? (బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్)

జ: తగిలితే కదండీ. 262 మీటర్ల ఓడ మ్యాపు మీద పెద్దదే, సముద్రం మీద కాదు. గంటకు 50 కిలోమీటర్లు పోగలదు, అంటే ఉపగ్రహం ఫొటో తీసి అరగంటైతే అది 25 కిలోమీటర్ల చుట్టులో ఎక్కడైనా ఉండొచ్చు, రెండు వేల చదరపు కిలోమీటర్లు వెతుక్కోవాలి. పైగా ఒంటరిగా తిరగదు, డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, సబ్‌మెరైన్ కాపలా ఉంటాయి.

నాకు భయం మిస్సైళ్లతో కాదు, చప్పుడు లేని చిన్న సబ్‌మెరైన్లతో. 2005లో అమెరికావాళ్లు స్వీడన్ నుంచి గోట్‌లాండ్ అనే చిన్న సబ్‌మెరైన్‌ను అద్దెకు తెచ్చుకుని విన్యాసాలు చేస్తే, అది కాపలా అంతా దాటుకొచ్చి రోనాల్డ్ రీగన్ విమాన వాహక నౌకను ఉత్తుత్తిగా ముంచేసింది. కాబట్టి మూడో విమాన వాహక నౌక గురించి నన్నడిగితే, ముందు సబ్‌మెరైన్లు పెంచి తర్వాత దాని సంగతి చూడమంటాను. ఒప్పుకోనివాళ్లు నేవీలోనే బోలెడుమంది ఉన్నారు.

ప్ర: మర్చంట్ నేవీలో ఉన్నాను. ఎర్ర సముద్రం దాటాలంటే టెన్షన్. చవక డ్రోన్ల ముందు ఇంత పెద్ద యుద్ధనౌకలు ఎందుకు కంగారుపడుతున్నాయి? (భీమునిపట్నం)

జ: మీ టెన్షన్ న్యాయమైనదే. 2024 జనవరిలో మార్లిన్ లువాండా అనే ట్యాంకరుకు యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల మిస్సైల్ తగిలి నాఫ్తా మండుతుంటే, ఆర్పడానికి మనుషుల్ని పంపిన నౌకల్లో మన ఐఎన్ఎస్ విశాఖపట్నం ఉంది, ఆ ట్యాంకరులో 22 మంది మనవాళ్లే.

కంగారు ఎందుకంటే, లెక్క కుదరక. విశాఖపట్నం నౌకలో గాల్లోవాటిని కొట్టే బరాక్ మిస్సైళ్లు 32. అయిపోతే సముద్రం మీద నింపుకోవడం ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది, రేవుకే రావాలి. ఎదుటివాడు చవక డ్రోన్లు గుంపుగా వదులుతూ పోతే మిస్సైళ్లన్నీ వాటికే ఖర్చయిపోతాయి, ఆ తర్వాత అసలు మిస్సైల్ వస్తే? అందుకే మూలన పడుతుందనుకున్న తుపాకీకి మళ్లీ రోజులొచ్చాయి. నీళ్ల మీద నడిచే డ్రోన్లు ఇంకా గడుసువి. 2024 ఫిబ్రవరి 1న ఇవానోవెత్స్ అనే రష్యా మిస్సైల్ నౌకను ఉక్రెయిన్ అలాంటి పడవలతోనే ముంచింది, నడిపేవాళ్లు ఎక్కడో గదిలో కూర్చుని స్క్రీన్ చూసుకుంటూ.

ప్ర: టార్పెడో ప్రమాదమా, మిస్సైల్ ప్రమాదమా? (ఆటో డ్రైవరు, రాజమహేంద్రవరం)

జ: తగిలాక అయితే టార్పెడోనే అన్నా. మిస్సైల్ పైన కొడుతుంది, మంట పెడుతుంది, ఓడ ఒక్కోసారి తేలుతూనే ఉంటుంది. పెద్ద టార్పెడో ఓడను తాకనక్కర్లేదు, కింద పేలుతుంది. ఆ పేలుడుకు పుట్టిన గాలిబుడగ ఓడను నడుము దగ్గర పైకెత్తుతుంది, బుడగ పోగానే కింద ఆధారం లేక ఓడ తన బరువుకు తానే విరుగుతుంది. 1971 డిసెంబరు 9న పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ కొట్టిన దెబ్బకు మన యుద్ధనౌక ఖుక్రీ నిమిషాల్లో మునిగింది, 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ ఓడ కెప్టెన్ ముల్లా దిగే అవకాశం ఉన్నా దిగలేదు.

ప్ర: సబ్‌మెరైన్‌కి కిటికీలు ఉంటాయా అంకుల్? (ఆరో తరగతి, శ్రీకాకుళం)

జ: మనుషులుండే లోపలి భాగానికి ఉండవు నాన్నా. పైకి వచ్చినప్పుడు పెరిస్కోప్ అనే పొడవాటి గొట్టంలోంచి చూస్తారు, మిగతా సమయమంతా వింటూ వెళ్తారు. అమ్మనడిగి కురుసురకు వెళ్లి చూసిరా. సోమవారం మాత్రం వెళ్లకు, మూసేస్తారు.