ఇంగ్లండు చలిలో అరటి, చేమ, క్రోటన్ బతుకుతాయా?

మాంచెస్టర్ వచ్చి ఏడాదైంది, పెరట్లో అరటి, చేమ, క్రోటన్లు పెంచవచ్చా అని అడిగారు. నేను ఎనిమిదేళ్లుగా లీడ్స్‌లో ఉంటున్నాను. మాది రావులపాలెం వైపు, అరటి లేనిది పెరడులా అనిపించదు, అందుకే ముందు దాని సంగతే.

మన చక్కెరకేళి ఇక్కడ బయట నిలవదు. నర్సరీలో ‘మూసా బస్జూ’ అని అడగండి. జపాన్ అరటి అంటారు కానీ పుట్టిల్లు దక్షిణ చైనా. గెల మీద ఆశ వద్దు, వేసినా అన్నీ గింజలే. చలి ముదిరితే ఆకులూ బోదె పోయినా, పైన మందంగా గడ్డి కప్పితే నేలలోని దుంప మైనస్ 10 దాకా తట్టుకుంటుంది.

మొదటి ఏడాది నేనొక తెలివితక్కువ పని చేశాను. పాపం చలేస్తుందని బోదెకు ప్లాస్టిక్ పట్టా చుట్టి తాడు బిగించాను. ఏప్రిల్‌లో విప్పితే కుళ్లు వాసన గుప్పుమంది. వేలితో నొక్కితే బోదె పెరుగన్నంలా జారిపోయింది. చంపింది చలి కాదు, లోపల చేరిన తడి. దుంప తవ్వి పారేయడానికి బద్ధకించాను, అదే మంచిదైంది, జూన్‌లో రెండు పిలకలు లేచాయి. ఇప్పుడు తొలి మంచుకు నల్లబడిన ఆకులు కోసేసి, చుట్టూ కోళ్ల జాలీ నిలబెట్టి మధ్యలో ఎండుగడ్డి కూరుతున్నాను. వాన దిగకుండా పైన మాత్రమే మూత, పక్కల నుంచి గాలి ఆడాలి.

చేమకు డబ్బు తగలేయకండి. ఇండియన్ షాపులో కన్ను ఉన్న గట్టి చేమదుంపలు ఏరి, మార్చిలో కుండీలో పెట్టి ఇంట్లో వెచ్చగా ఉంచండి. జూన్ మొదట్లో బయట నాటి నీళ్లు బాగా పోయండి. అక్టోబరులో తవ్వి, ఆరబెట్టి, మంచు తగలని చోట పొడి మట్టిలో దాచాలి.

క్రోటన్ ఇంట్లోనే. నావి మూడు పోయాయి. 15 డిగ్రీల కంటే తగ్గితే ఆకులు రాలుస్తుంది, రేడియేటర్ పక్కన పెడితే పొడిగాలికి ఎర్రనల్లి పడుతుంది. పైగా డిసెంబరులో పగలు ఏడున్నర గంటలే. దక్షిణం కిటికీ లేకపోతే మనీప్లాంటుతో సరిపెట్టుకోండి.

ఉగాదికి అరటాకు దొరుకుతుందనుకోకండి, అప్పటికి చెట్టు ఇంకా గడ్డి మూటలోనే ఉంటుంది. వినాయక చవితికి మాత్రం నిండుగా ఉంటుంది, పోయినేడు నాలుగిళ్ల వాళ్లు వచ్చి కోసుకెళ్లారు. చీలికలు పడని ఆకు కావాలంటే గాలి కొట్టని గోడ చాటున నాటండి.