గోలీ డబ్బా గలగలమంటోంది!

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. వయసు 19, పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉంది. నల్గొండ హాస్టల్‌లో చేరాక రాత్రి గోలీ వారానికి రెండు మూడు సార్లు తప్పుతోంది. డబ్బా తీస్తే గలగల చప్పుడు, రూమ్‌లో నలుగురూ ఇటే చూస్తారు. ఏమైనా అవుతుందా సార్?

జవాబు: అవుతుంది తమ్ముడూ. మందు తప్పినప్పుడల్లా వైరస్ మళ్లీ పెరిగి, చివరికి ఆ మందుకే లొంగకుండా పోవచ్చు. అయినా రాత్రే వేసుకోవాలని ఎవరన్నారు? నీది డోలుటెగ్రావిర్ అనే మందు కలిసిన రోజుకో గోలీ అయితే (హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువ మందికి ఉచితంగా ఇచ్చేది అదే) కౌన్సెలర్‌ను అడిగి పొద్దుటికి మార్చుకో, తిన్నా తినకున్నా ఫర్వాలేదు. రూమ్‌లో ఎవరూ లేనప్పుడు ఒక గోలీ తడి లేని చిన్న డబ్బీలో వేసి కాలేజీ బ్యాగులో పెట్టుకుంటే ఇక చప్పుడెక్కడిది? మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకో గానీ రెండు కలిపి మింగకు. రూమ్‌మేట్లకు చెప్పాల్సిన పనే లేదు, 2017 హెచ్‌ఐవీ చట్టం నీ వైపే ఉంది. డాక్టర్ దగ్గర మాత్రం దాచకు, తిడితే తిట్టనీ, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష గురించి అడుగు.