లలాటిక అంటే బొట్టా, నగా?

ప్రశ్న: ఒక పద్యంలో ‘లలాటిక’ అన్న మాట కనిపించింది. అంటే బొట్టేనా? ఆ మాట ఎలా పుట్టింది?

జవాబు: నుదుటి చందనపు బొట్టును కూడా లలాటిక అన్నవారున్నారు. కానీ అసలు అర్థం నుదుట పెట్టుకునే నగ. లలాటం అంటే నుదురు. దానికి ‘క’ చేరితే నగ పేరవుతుందని పాణిని ఏకంగా ఒక సూత్రమే రాశాడు: ‘కర్ణలలాటాత్ కనలంకారే’. చెవి నగ కర్ణిక, నుదుటి నగ లలాటిక! రెండే అవయవాలకు ప్రత్యేకంగా ఒక నియమం చేశాడంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. అమరకోశంలో దీనికి ‘పత్రపాశ్య’ అనే జంట పేరు కూడా ఉంది.

అయినా నాకు ఈ నుదుటి నగకు మన తెలుగు పేరు ‘చేరుచుక్క’ అంటేనే ప్రాణం. చేరు అంటే పేట. ముత్యాల చేరు అంటాం కదా. మా అమ్మమ్మ చేరుచుక్కలో కెంపు చుట్టూ ఏడు ముత్యాలుండేవి. కొక్కెం పాపిట్లో దాగేది, చుక్క సరిగ్గా బొట్టు పైన ఆగేది.