చెక్కు ఇచ్చేనాటికే డబ్బు ఉండాలండీ

ప్రశ్న: ఇంటి పెయింటింగ్ చేసినాయనకు బుధవారం పొద్దున 1,80,000 రూపాయల చెక్కు ఇచ్చాను. క్లియర్ కావడానికి ఎలాగూ రెండు రోజులు పడుతుంది, గురువారం ఎఫ్‌డీ తీసి అకౌంట్లో వేద్దాంలే అనుకున్నాను. సాయంత్రానికే బౌన్స్ అయిందని మెసేజ్ వచ్చింది. కేసు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పండి. ఇవాళే ఎఫ్‌డీ రద్దు చేసి నెఫ్ట్‌లో డబ్బు పంపేయండి, పంపాక ఆ చెక్కు తప్పకుండా వెనక్కి తీసుకోండి, ఎందుకంటే గడువులోగా అదే చెక్కును మళ్లీ బ్యాంకులో వేయొచ్చు. ఇక కేసంటారా, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద ఆయన ముందు మీకు నోటీసు ఇవ్వాలి, అది అందాక కూడా కట్టడానికి మీకు 15 రోజులుంటాయి. కాబట్టి భయపడకండి, అలాగని నోటీసు వచ్చేదాకా ఆగకండి కూడా, పనిచేసిన మనిషి డబ్బు అది.

మీ లెక్క తప్పిందెక్కడంటే ఆ రెండు రోజుల దగ్గర. ఒకప్పుడు చెక్కు కాగితమే బ్యాంకుల మధ్య తిరిగేది, 2008లో ఢిల్లీలో సీటీఎస్ (చెక్ ట్రంకేషన్ సిస్టమ్) మొదలయ్యాక కాగితం వేసిన చోటే ఆగిపోయి, స్కాన్ చేసిన బొమ్మ మాత్రం వెళ్లడం మొదలైంది. అయినా ఆ బొమ్మలను బ్యాచ్‌లుగా పంపేవారు కాబట్టి మనకు కాస్త వ్యవధి మిగిలేది. 2025 అక్టోబర్ 4 నుంచి రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాచ్‌ల పద్ధతి తీసేసింది. ఇప్పుడు బ్రాంచిలో స్కాన్ అయిన చెక్కు వెంటనే మీ బ్యాంకుకు చేరుతుంది, పాసో కాదో మీ బ్యాంకు ఆ సాయంత్రం 7 గంటల్లోగా చెప్పాలి, చెప్పకపోతే పాసైనట్టే లెక్క. నా దృష్టిలో ఇది చాలా మంచి మార్పు, మీకు ఎవరైనా చెక్కు ఇచ్చినప్పుడు ఆ డబ్బు కోసం ఇదివరకటిలా రోజుల తరబడి ఎదురుచూడక్కర్లేదు.

పెద్ద మొత్తం రాసినప్పుడు పాజిటివ్ పేలో, అంటే రాసిన చెక్కు గురించి మీ బ్యాంకుకు ముందే తెలిపే పద్ధతిలో, వివరాలు కూడా ఇవ్వండి, 50,000 రూపాయలు, ఆపైన చెక్కులకు ఆ సౌకర్యం ఉంది, 5 లక్షలు, ఆపైన అయితే బ్యాంకు తప్పనిసరి చేయొచ్చు.

డబ్బు శుక్రవారం వస్తుందనుకుంటే మాత్రం అవతలివాళ్లకు ముందే చెప్పి, చెక్కు మీద సోమవారం తేదీ వేయండి.